పాత సముద్రతీర గోల్ఫ్ మైదానాన్ని తవ్వే ముందు చూడవలసింది ఇసుకను

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో మళ్ళీ ఒకసారి చెబుతాను. చెన్నైలో మీరు పనిచేసే డిజైన్ సంస్థకు బ్రిటన్ తీరంలోని నూరేళ్ళు దాటిన ఒక గోల్ఫ్ మైదానం పునరుద్ధరణకు డ్రాయింగులు తయారుచేసే పని వచ్చింది. ముసాయిదాలో మూడు పనులున్నాయి: పద్ధెనిమిది గ్రీన్లనూ (చివరి గుంట చుట్టూ ఉండే పొట్టి పచ్చికలు) తవ్వి అమెరికా గోల్ఫ్ సంఘం ప్రమాణం ప్రకారం మళ్ళీ కట్టడం, సముద్రపు కోతకు అడ్డంగా రాతి కట్ట వేయడం, పాత బంకర్లను (బంతికి అడ్డంగా ఉంచే ఇసుక గుంటలు) పాత ఫోటోల్లో కనిపించినట్టే తిరిగి నిలబెట్టడం. సివిల్ ఇంజినీరుగా మీకు మూడూ సబబుగానే కనిపించాయి. కాని గోల్ఫ్ తెలిసిన మీ పై అధికారి మొదటి పనికి గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరంలో పస ఉందా, ఇదే పద్ధతి రేపు మన తూర్పు తీరంలో ఏదైనా పని వస్తే పనికివస్తుందా అని మీరు అడిగారు.

చెన్నైలోనూ, తూర్పు తీరం వెంట మరికొన్ని చోట్లా గోల్ఫ్ మైదానాల నేల, గడ్డి, నీటి పనులు చాలా ఏళ్ళుగా చూస్తున్నవాడిగా చెబుతున్నాను: మీ అధికారి అభ్యంతరం సరైనదే, అది మొదటి పనితో ఆగేది కూడా కాదు. ఇలాంటి మైదానంలో అన్నిటికంటే పాతదీ, ఒకసారి పోతే తిరిగి తెచ్చుకోలేనిదీ అక్కడి ఇసుక, ఆ ఇసుకలోంచి నీరు దిగే తీరు. గ్రీన్ల ఆకారాలు, బంకర్ల చోట్లు, హోల్స్ (ఒక్కో గుంట దాకా సాగే ఆట భాగాలు) వరస కాలక్రమంలో ఎన్నోసార్లు మారాయి, ఇకముందూ మారవచ్చు. స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో ఒక ఆటకు మొదట ఇరవై రెండు హోల్స్ ఉండేవి. 1764లో మొదటి నాలుగింటిని రెండుగా కలపడంతో అది పద్ధెనిమిదికి దిగింది. ఈనాడు ప్రపంచమంతా పాటించే ఆ అంకె కూడా ఒక మార్పు వల్ల వచ్చిందే. కనుక ఆకారాన్ని కాపాడడం కోసం నేలను బలిపెట్టే ఏ పథకాన్నయినా అనుమానంగానే చూడాలి. మీ ముసాయిదా సరిగ్గా ఆ పనే చేస్తోంది.

స్కాట్లాండు, ఐర్లాండు, ఇంగ్లండు తీరాల్లో లింక్స్ అని పిలిచే నేల సముద్రానికీ పంట పొలాలకూ మధ్య మిగిలిన ఇసుక దిబ్బల పట్టీ. మంచు యుగం తరువాత సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి మోసుకొచ్చి దిబ్బలుగా పోసింది. సారం లేని ఆ ఇసుకలో పంట పండదు కనుక దాన్ని గొర్రెలకూ కుందేళ్ళకూ వదిలేశారు. అవి మేసి మేసి పొట్టిగా ఉంచిన సన్నని ఫెస్క్యూ, బెంట్ గడ్డి మీదే ఈ ఆట పెరిగింది. ఆ గడ్డికి ఎరువు అక్కర్లేదు, నీరు కూడా తక్కువే చాలు. నేల గట్టిగా ఉంటుంది కనుక బంతి పడి దొర్లుతుంది, ఆటగాడు గాలిని తప్పించుకుంటూ బంతిని నేల మీదుగానే గ్రీన్ దాకా నడిపించగలడు. ఈ దొర్లుడే లింక్స్ ఆటకు ప్రాణం. అది పోయాక ఎంత అందమైన దృశ్యం మిగిలినా ఆ మైదానం మరో మైదానమే.

ఇప్పుడు గ్రీన్ల సంగతికి వద్దాం. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో మొదటిసారి ప్రకటించిన ప్రమాణం మీకు తెలిసే ఉంటుంది: అడుగున నీటిని బయటికి పంపే గొట్టాలు, వాటి మీద సుమారు 100 మి.మీ. కంకర, దాని మీద సుమారు 300 మి.మీ. ఎంపిక చేసిన ఇసుక మిశ్రమం. సన్నని ఇసుక కింద ముతక కంకర ఉన్నప్పుడు, పైపొర ఇంచుమించు నిండేదాకా నీరు కంకరలోకి దిగదు. ఆ సరిహద్దు దగ్గర వేలాడుతూ వేర్లకు అందుబాటులో ఉంటుంది. భారీ వర్షం వస్తే మాత్రం చకచకా దిగిపోతుంది. బంకమట్టి నేలల మీద ఇది చాలా గొప్ప పరిష్కారం. మన దేశంలో నల్లరేగడి మీదా, పాత చెరువు మట్టి మీదా గ్రీన్లు కట్టవలసి వస్తే నేనూ దీన్నే కోరుకుంటాను. కాని అడుగున ఎన్నో మీటర్ల లోతు దిబ్బ ఇసుక ఉన్న చోట నీటికి అడ్డే లేదు. అక్కడ కంకర పొర వేస్తే లేని సమస్యకు మందు వేసినట్టవుతుంది, పైగా కొత్త సమస్య ఒకటి పుడుతుంది. గ్రీన్ కింద నీరు వేలాడుతుంది, గ్రీన్ అంచు దాటగానే సహజ ఇసుకలో నీరు వేలాడదు. ఎండాకాలంలో ఒకే వాన, ఒకే గాలి తగిలినా గ్రీన్ ఒక రకంగా, దాని ముందరి ఫెయిర్‌వే (గ్రీన్ దాకా బంతి నడిచే పచ్చిక దారి) మరో రకంగా ఎండుతాయి. ఇరవై గజాల ముందు పడి దొర్లుకుంటూ రావలసిన బంతి అంచు దాకా వేగంగా వచ్చి, గ్రీన్ మీద మెత్తని చోట ఆగిపోతుంది. ఆటగాడికి కారణం తెలియదు, ఆట మారిపోయిందని మాత్రం తెలుస్తుంది.

మీ ప్రయోగశాల నివేదికలో ఇంకో చిక్కు ఎదురుకావచ్చు. గాలి జల్లెడ పట్టిన దిబ్బ ఇసుకలో రేణువులు ఇంచుమించు ఒకే పరిమాణంలో, సన్నగా ఉంటాయి. ఆ ప్రమాణం మాత్రం 0.25 నుంచి 1 మి.మీ. మధ్య రేణువులు కనీసం 60 శాతం ఉండాలంటుంది. కనుక తరతరాలుగా చక్కగా పనిచేస్తున్న ఇసుక కాగితం మీద తప్పిపోతుంది. దాన్ని చూసి గుత్తేదారు వేరే ఇసుక లారీల్లో తెప్పిస్తానంటాడు. దయచేసి ఒప్పుకోకండి. ఆ పట్టిక కొత్తగా తెచ్చే ఇసుకను ఎంచుకోవడానికి పెట్టిన కొలత. ఉన్న నేల మీద తీర్పు చెప్పడానికి చోట్లోనే నీరు దిగే వేగాన్ని కొలవాలి.

మరి ఆ గ్రీన్లు మెత్తబడ్డాయనీ, వానాకాలంలో నీరు నిలుస్తోందనీ క్లబ్ ఎందుకంటోంది? పది గ్రీన్లలో తొమ్మిదింటికి జవాబు పై నాలుగైదు అంగుళాల్లోనే దొరుకుతుంది. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో తీర మైదానాలకు కూడా స్ప్రింక్లర్లు వచ్చాయి, ఎరువుల వాడకం పెరిగింది, సభ్యులు పచ్చదనం కోరారు. నీరు, నత్రజని ఎక్కువైన చోట ఫెస్క్యూ వెనక్కి తగ్గి పోవా అన్యువా అనే ఏకవార్షిక గడ్డి ఆక్రమిస్తుంది. దాని వేర్లు, కాడలు కుళ్ళీ కుళ్ళకుండా పేరుకుని నీటిని పట్టి ఉంచే దట్టమైన చాపలా తయారవుతాయి. కింద ఇసుక పొడిగానే ఉంటుంది, పైన కాలు దిగబడుతుంది. దీనికి ఎక్స్‌కవేటర్ అక్కర్లేదు. ఎరువు, నీరు తగ్గించడం, బోలు మేకులతో రంధ్రాలు చేసి ఆ చాపను బయటికి లాగడం, ఆ చోటి దిబ్బల ఇసుకనే సన్నగా పలుమార్లు పైన చల్లడం, ఫెస్క్యూ విత్తనం వేస్తూ ఉండడం చాలు. సెయింట్ ఆండ్రూస్‌లో మైదానం సంరక్షకుడు ఓల్డ్ టామ్ మోరిస్ పంతొమ్మిదో శతాబ్దంలోనే గ్రీన్ల మీద ఇసుక చల్లే పద్ధతిని పట్టుబట్టి నడిపాడు. ఇది కొన్ని ఏళ్ళు పట్టే పని. ప్రారంభోత్సవానికి రిబ్బను కట్టడానికి వీలుండదు. క్లబ్ కమిటీలు తవ్వకాన్ని ఇష్టపడడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

కనుక డ్రాయింగు మొదలుపెట్టే ముందు ప్రతి గ్రీన్ నుంచీ, దాని ముందరి నేల నుంచీ మీటరు లోతు కోర్లు (గొట్టంతో తీసే నేల నమూనాలు) తీయించండి. పొరలన్నీ కనిపిస్తాయి: ఏ కాలంలో ఏ ఇసుక చల్లారో, ఎక్కడ ఎవరో తోటమట్టి కలిపారో, అసలు దిబ్బ ఎక్కడ మొదలవుతుందో. మట్టి కలిపిన పొర దొరికిన గ్రీన్లను మాత్రం ఆ పొర దాకా విప్పి, పచ్చికను చుట్టలుగా ఎత్తి పక్కన పెట్టి, ఆ పొరను తీసేసి, అక్కడి ఇసుకతోనే నింపి, అదే పచ్చికను తిరిగి పరచండి. విప్పే ముందు ఆ గ్రీన్ ఎగుడుదిగుళ్ళను లేజరుతో దగ్గర దగ్గరగా కొలిచి పెట్టుకోవడం మరవకండి. యంత్రం నడిపేవాడికి ఎదురుగా కనిపించే ప్రతి చిన్న గుంటనూ చదును చేయాలనిపిస్తుంది. ఆ గుంటలే అక్కడి ఆట.

పాత ఆకారం ఎక్కడుండేదో తెలుసుకోవడానికి పాత విమాన ఛాయాచిత్రాలు, క్లబ్ మినిట్స్ పుస్తకాలు, పాత స్కోరు కార్డులు ఉపయోగపడతాయి. ఈ విషయంలో నేను అందరికీ చూపించే ఉదాహరణ అమెరికాలోని నార్త్ కరోలినాలో ఉన్న పైన్‌హర్స్ట్ రెండో నంబరు కోర్సు. అది సముద్రానికి దూరమే, అయినా ఇసుక నేల. డొనాల్డ్ రాస్ తీర్చిదిద్దిన ఆ మైదానాన్ని బిల్ కూర్, బెన్ క్రెన్‌షా 2010-11లో బాగుచేసినప్పుడు 1943 నాటి విమాన ఛాయాచిత్రాలనూ, ఫెయిర్‌వేల నడుమ పూడి ఉన్న పాత నీటి గొట్టాల వరసనూ ఆధారం చేసుకున్నారు. గొట్టం నడిమధ్య ఉంటుంది కనుక ఫెయిర్‌వే అంచులు అసలు ఎక్కడుండేవో దాన్నిబట్టి తేలింది. సుమారు 35 ఎకరాల పచ్చికను తీసేసి ఆ చోటును ఇసుకకూ, అక్కడి సహజమైన గడ్డి దుబ్బులకూ వదిలేశారు. స్ప్రింక్లర్లు 1,150 నుంచి 450కి తగ్గాయి. 2014లో పురుషుల, మహిళల యు.ఎస్. ఓపెన్ పోటీలు రెండూ వెంటవెంటనే అక్కడే జరిగాయి. తీసేయడం కూడా పునరుద్ధరణే అనడానికి దీనికంటే బలమైన సాక్ష్యం నాకు తెలియదు.

రాతి కట్ట విషయానికి చెన్నైలో ఉన్న మీకు పుస్తకాలతో పనిలేదు. మన తీరం వెంట ఇసుక ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. పంతొమ్మిదో శతాబ్దం చివరి పాతికేళ్ళలో మద్రాసు హార్బరు గోడలు సముద్రంలోకి చొచ్చుకు వెళ్ళాక ఆ నడకకు అడ్డుకట్ట పడింది. గోడకు దక్షిణాన ఇసుక మేటవేసి మెరీనా బీచ్ ఈనాటి వెడల్పుకు పెరిగింది. ఉత్తరాన రాయపురం, తిరువొత్తియూరు వైపు తీరం కోతకు గురైంది. అక్కడ రాళ్ళు పోయడం, ఆ రాళ్ళకు ఉత్తరాన మళ్ళీ కోత మొదలవడం, మళ్ళీ రాళ్ళు పోయడం తరతరాలుగా సాగుతోంది. ఒక ఆదివారం మెరీనాలో నడిచి, అదే రోజు కాశిమేడు దాటి ఉత్తరానికి వెళ్ళి చూడండి. మీ క్లయింటు మైదానం ముందు కట్ట వేస్తే కోత ఆగదు, ఇసుక అందక పక్క ఊరి తీరానికి జరుగుతుంది. పైగా నిలువు రాతి ముఖానికి కొట్టి వెనక్కి మళ్ళిన అల ముందున్న బీచిని లాక్కుపోతుంది, వెనకనున్న దిబ్బకు కొత్త ఇసుక అందడం ఆగిపోతుంది. ఏ ఇసుక మీద ఆ మైదానం పుట్టిందో ఆ సరఫరానే మనం తెంచినవాళ్ళమవుతాం. రోడ్డో, ఇళ్ళో, మురుగు శుద్ధి కేంద్రమో వెనక ఉంటే అది వేరే లెక్క. ఒక టీ (హోల్ ఆట మొదలుపెట్టే చోటు) కోసమో, ఒక గ్రీన్ కోసమో ఆ పని చేయకూడదు.

కోత తప్పదన్న చోట హోల్‌ను లోపలికి జరపడమే మంచిది. స్కాట్లాండులో మాంట్రోజ్ మైదానం, పదహారో శతాబ్దం నుంచి గోల్ఫ్ ఆడిన ఆనవాళ్ళున్న నేల, సముద్రం తినేస్తుంటే కొన్ని టీలను ఇప్పటికే వెనక్కి జరుపుకుంది. జరిపితే చరిత్ర పోతుందని భయపడేవాళ్ళకు ఉత్తర ఐర్లాండులోని రాయల్ పోర్ట్‌రష్ సంగతి చెప్పండి. అక్కడ కారణం కోత కాదు. 2019 ఓపెన్ ఛాంపియన్‌షిప్ ప్రేక్షకుల శిబిరాలకు చోటు కావలసి వచ్చింది. హ్యారీ కోల్ట్ రూపొందించిన డన్‌లూస్ కోర్సులో చివరి రెండు హోల్స్ వదిలేసి, పక్కనున్న వ్యాలీ కోర్సు దిబ్బల్లో మార్టిన్ ఎబర్ట్ కొత్తగా ఏడు, ఎనిమిది నంబర్ల హోల్స్ తీర్చాడు. పాత పదిహేడులో ఉండే బిగ్ నెల్లీ అనే పెద్ద బంకరుకు ప్రతిరూపం కొత్త ఏడులో పెట్టారు. 1951 తరువాత మొదటిసారి అక్కడికి ఓపెన్ తిరిగివచ్చినప్పుడు ఆ రెండు హోల్స్ కొత్తవని చెబితే తప్ప తెలియనంతగా కలిసిపోయాయి. అదే దిబ్బ, అదే ఇసుక, అదే గడ్డి కనుకనే అది సాధ్యమైంది. స్కాట్లాండులోని టర్న్‌బెరీలో ఇంతకంటే పెద్ద గాయం తగిలింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ మైదానం మీద విమానాల రన్‌వేలు వేశారు. మెకంజీ రాస్ తిరిగి తీర్చిదిద్దిన ఏల్సా కోర్సు 1951లో తెరుచుకుంది, 1977లో అక్కడ టామ్ వాట్సన్, జాక్ నిక్లాస్ అనే ఆటగాళ్ళ పోటీ చరిత్రకెక్కింది. 2016లో అదే ఎబర్ట్ తొమ్మిదో హోల్‌ను రాళ్ళ మీదుగా 1873 నాటి లైట్‌హౌస్ వైపు కొట్టే పార్ మూడుగా (మూడు దెబ్బల్లో ముగించవలసిన హోల్‌గా) మార్చాడు. ఆ మార్పు నాకు నచ్చింది. సముద్రానికి ఎదురుగా ఉండీ దాన్ని వాడుకోని హోల్‌ను ముట్టుకోకుండా ఉంచడంలో భక్తి ఏమీ లేదు.

బంకర్ల మీద ఎక్కువ చెప్పను. పచ్చిక పలకలను పేర్చి కట్టే నిలువు గోడ ఎండకూ గాలికీ కొన్నేళ్ళలో కుంగుతుంది, మళ్ళీ కట్టుకోవాలి. అందుకు పచ్చిక నర్సరీ మైదానంలోనే ఉండాలి. ఫోటోలో ఉన్న ప్రతి బంకరునూ తిరిగి తేవడం అవసరం లేదు. గాలి ఎటు నుంచి వీస్తుందో, నేటి ఆటగాడి బంతి ఎక్కడ పడుతుందో చూసి ఎంచుకోండి. దిబ్బల మీద అరుదైన మొక్కలున్నాయేమో అక్కడి ప్రకృతి సంరక్షణ శాఖను ముందే అడగండి. ఇంగ్లండులో రాయల్ సెయింట్ జార్జెస్ వైపు శాండ్‌విచ్ తీరంలో లిజర్డ్ ఆర్కిడ్ అనే అరుదైన పూలమొక్క ఆ దిబ్బల మీదే బతుకుతోంది, మైదానం ఆ ప్రాంతాన్ని దున్నకుండా ఉంచినందువల్ల కూడా.

ఇక మన తీరం. పైన చెప్పిన సూత్రం వర్తిస్తుంది, పద్ధతులు మాత్రం వర్తించవు. సెయింట్ ఆండ్రూస్ వైపు ఏడాది పొడవునా పడే వాన సుమారు 700 మి.మీ. 2015 డిసెంబరు 1-2 తేదీల మధ్య తాంబరంలో 24 గంటల్లో 490 మి.మీ. పడింది. చెన్నై వార్షిక వర్షపాతం సుమారు 1,400 మి.మీ.లో సగానికి పైగా అక్టోబరు-డిసెంబరు మధ్యే వస్తుంది. పచ్చిక పలకల బంకరు గోడ ఇక్కడ ఒక్క ఈశాన్య రుతుపవనానికి కూలుతుంది. ఫెస్క్యూ ఒక్క మే నెల కూడా బతకదు. మనకున్నవి గరిక, దాని సంకర రకాలు, ఉప్పును తట్టుకునే సీషోర్ పాస్పాలం.

పాస్పాలం ఉప్పునీటిలోనూ పెరుగుతుందని విత్తనాలవాళ్ళు చెప్పే మాటను సగమే నమ్మండి. పాతుకున్న పాస్పాలం లీటరుకు 35 గ్రాముల ఉప్పున్న సముద్రపు నీటిని కొద్దికాలం ఓర్చుకుంటుంది. కాని కొత్తగా నాటిన కాడలకు మంచి నీరే కావాలి, ఆ తరువాత కూడా పేరుకున్న ఉప్పును అప్పుడప్పుడు ఎక్కువ నీటితో కిందికి కడగాలి. ఇసుకలో ఆ కడుగుడు సులువు. అంతకుముందు గరిక ఉన్న నేలైతే దాని కణుపులు లోపల మిగలకుండా పలు విడతలుగా చంపాకే పాస్పాలం నాటండి, లేకపోతే రెండేళ్ళలో గ్రీన్ల మీద రెండు రంగుల మచ్చలు చూస్తారు.

గడ్డి కుదురుకునే ఆ కొన్ని వారాలకే మైదానం అన్నిటికంటే ఎక్కువ నీరు తాగుతుంది, ఆ నీరు ఎక్కడి నుంచి వస్తుందన్నదే మన తీరంలో అసలు ప్రశ్న. తీరపు ఇసుకలో మంచినీరు సముద్రపు నీటి మీద తేలుతూ ఉంటుంది. గైబెన్-హెర్జ్‌బర్గ్ సూత్రం ప్రకారం సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీరు ఉంటే కింద సుమారు 40 మీటర్ల మంచినీరు ఉంటుంది. అంటే బోర్లు తోడి పైమట్టాన్ని ఒక మీటరు దించితే కింద ఉప్పునీరు సుమారు 40 మీటర్లు పైకి వస్తుంది. మీరుండే తిరువాన్మియూరులోనూ, బెసంట్ నగర్‌లోనూ ఎండాకాలంలో బావులు ఉప్పుతేలడం మీరు చూసే ఉంటారు. మైదానం కోసం బోర్లు తోడితే చుట్టుపక్కల మత్స్యకారుల కుప్పాల బావులు పాడవుతాయి. ఇది ఆటకు సంబంధించిన విషయంగా చూడకూడదు. శుద్ధిచేసిన మురుగునీటి ఒప్పందం చేతికి రాకుండా అలాంటి పనికి డ్రాయింగు గీయనని చెప్పే హక్కు ఇంజినీరుకు ఉంది, దాన్ని వాడుకోండి.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 2019 తీరప్రాంత క్రమబద్ధీకరణ నోటిఫికేషన్ ప్రకారం పోటు రేఖ నుంచి 500 మీటర్ల దాకా నియంత్రణ ఉంటుంది. ఇసుక దిబ్బలూ, తాబేళ్ళు గుడ్లుపెట్టే చోట్లూ అందులో అత్యంత కట్టుదిట్టమైన సి.ఆర్.జెడ్.-1ఎ అనే వర్గం కిందికి వస్తాయి. మన తీరానికి జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, పిల్లలు వెలుతురును బట్టి దారి వెతుక్కుంటాయి. కనుక సముద్రం వైపు దీపాలు వద్దు. దిబ్బల మీది బాలబంద తీగనూ, రావణ మీసాల గడ్డినీ కలుపుగా పీకించకండి. బ్రిటన్‌లో మారమ్ గడ్డి ఇసుకను పట్టుకున్నట్టు ఇక్కడ ఆ పని చేసేవి అవే.

తీరం వెంట ఒక మైదానంలో నేను పనిచేసినప్పుడు, నెల్లూరు వైపు నుంచి వచ్చి అక్కడే జీవితమంతా గడిపిన ఒక పెద్దాయన మాలీగా ఉండేవారు. వాన పడ్డాక ఏ మూల నీరు ఎన్ని గంటలు నిలుస్తుందో, ఏ గ్రీన్ అంచు ముందుగా ఎండుతుందో సర్వే కాగితం చూడకుండానే చెప్పేవారు. తరువాత కొలిచి చూస్తే అవే చోట్లు తేలాయి. మీ బ్రిటన్ మైదానంలోనూ అలాంటి గ్రీన్‌కీపర్ ఒకరు తప్పక ఉంటారు. మీ సంస్థ ఆయనతో మాట్లాడిందా అని అడగండి. మాట్లాడకపోతే వీడియో కాల్‌లోనైనా ఆయనతో కలిసి పద్ధెనిమిది హోల్స్ నడవండి. కోర్లు ఎక్కడ తీయాలో ఆ నడకలోనే తేలుతుంది.

పని క్రమం గురించి చివరిగా ఒక మాట. బ్రిటన్‌లో తవ్వకం శరదృతువులో ఆట సీజను ముగిశాక మొదలుపెట్టి, పచ్చిక తిరిగి పరచడం వసంతానికి ముందే ముగించాలి. మన వైపు అయితే గడ్డి నాటు జూలై చివరికి పూర్తి కావాలి, అప్పుడే అక్టోబరు వానలకు ముందు నేల కప్పుకుంటుంది. ఆ గడువు తప్పేలా ఉంటే గుత్తేదారు ఎంత తొందరపెట్టినా ఆ ఏడాది కొత్త నేల విప్పవద్దు. అప్పటికే విప్పిన చోట కొబ్బరిపీచు చాప కప్పించి, ఫిబ్రవరి దాకా ఆగండి.